కథతో కలిపి వినవలసిన పాట: షిల్లాంగ్‌లో ఒక ఖాసీ జానపద కార్యక్రమం

ఖాసీ తెగవారి సంప్రదాయ సంగీతాన్నీ, మనిషికీ జంతువుకీ నడుమ ఉన్న బంధం గురించి వారికున్న నమ్మకాలనూ ఒక్క రోజులో పరిచయం చేస్తామనే కార్యక్రమాలు మేఘాలయ రాజధాని షిల్లాంగ్‌లో ఇప్పుడు దొరుకుతున్నాయి. నేను వెళ్ళినది ఒక చిన్న సంస్థ నడిపేది. ఉదయం మావ్‌ఫ్లాంగ్ పవిత్రవనం, మధ్యాహ్నం దగ్గరి గ్రామంలో భోజనం, ఆ తరువాత అదే ఊళ్ళో ఒక వాద్యకారుడి ఇంట్లో పాట, చీకటి పడ్డాక షిల్లాంగ్ తిరిగివచ్చి ఒక రిసార్టులో నృత్యప్రదర్శన, ఇదీ వరుస. మనిషికి 3,500 రూపాయలు తీసుకున్నారు. వాహనం, భోజనం అందులోనే. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే రాత్రి ప్రదర్శన గురించి నేను చెప్పబోయే అభ్యంతరాలు పర్యాటకుల కోసం పెట్టే చాలా ప్రదర్శనలకు వర్తించేవే. నా అభిప్రాయం ముందే చెబుతాను: పగటి కార్యక్రమానికి ఆ డబ్బు పూర్తిగా చెల్లుతుంది; రాత్రి ప్రదర్శన లేకపోయినా ఎవరికీ ఏ లోటూ ఉండదు.

మావ్‌ఫ్లాంగ్ షిల్లాంగ్ నుంచి సుమారు 25 కిలోమీటర్లు. చెట్టన్నది లేని గడ్డి మైదానం చివర డెబ్భై అయిదు హెక్టార్లకు పైబడిన అడవి ఒక్కసారిగా మొదలవుతుంది. బయట హోరుమనే గాలి లోపల పది అడుగులు వేయగానే ఆగిపోతుంది. ఓక్ చెట్ల కొమ్మల నిండా నాచు, ఆర్కిడ్లు, కాలి కింద తడిసిన ఆకుల పరుపు. ఈ వనాన్ని కాపాడే దేవత పేరు లబాసా. ఆ దేవత చిరుతపులి రూపంలో కనిపిస్తే శుభమనీ, పాము రూపంలో కనిపిస్తే కీడు జరగబోతోందనీ నమ్మకం. పూర్వం బలి ఇవ్వడానికి లోపలికి వచ్చేవారు దారిలో పాతిన రాళ్ళ దగ్గర ఆగి శకునం చూసేవారు. పాము ఎదురైతే బలిపశువుతో సహా వెనక్కి మళ్ళేవారు. వనంలోనుంచి ఆకు, పుల్ల, రాయి ఏదీ బయటికి తీసుకుపోకూడదన్న నియమం ఇప్పటికీ గట్టిగా ఉంది. మా మార్గదర్శి ఆ నియమాన్ని బోర్డు మీద రాసినట్టు అప్పజెప్పలేదు. వనం అంచుకు రాగానే అందరినీ ఆపి, సంచులూ బూట్ల అడుగులూ చూసుకోమన్నాడు. ఒక పిల్లవాడి పిడికిట్లో చిన్న కాయ దొరికితే కోప్పడకుండా వాడి చెయ్యి పట్టుకుని వెనక్కి నడిపించుకు వెళ్ళి, వాడిచేతనే దాన్ని చెట్టు మొదట్లో పెట్టించాడు.

సంగీత యాత్ర అని డబ్బు కట్టినవారికి ఈ మొదటి రెండు గంటల్లో ఒక్క వాద్యం కూడా వినిపించదు. మాతో వచ్చినవారిలో ఒకరిద్దరు ఈ విషయమై కాస్త గొణిగారు కూడా. నాకు మాత్రం వరుస ఇలా పెట్టడం ఈ కార్యక్రమంలోకెల్లా తెలివైన పని అనిపించింది. ఖాసీ పాటల్లో ఎక్కువభాగం ఎవరినో ఉద్దేశించి పాడేవి. ఆ ఎవరో ఎప్పుడూ మనిషే కానక్కరలేదు. దేవతా కావచ్చు, చనిపోయిన బంధువూ కావచ్చు, అడవిలోని ప్రాణీ కావచ్చు. వినేవారు ఎవరో తెలియకుండా పాట వింటే మిగిలేది రాగం ఒక్కటే.

వనం బయట నిలువురాళ్ళ దగ్గర కూర్చోబెట్టి చెప్పిన పురాణకథలు ఆ లోటును తీర్చాయి. మొదట్లో పదహారు కుటుంబాలు స్వర్గంలో ఉండేవట. సోపెట్‌బ్నెంగ్ కొండ మీది బంగారు నిచ్చెన గుండా భూమికి రాకపోకలు సాగించేవట. నిచ్చెన తెగిపోయినప్పుడు ఏడు కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి, తొమ్మిది పైనే ఉండిపోయాయి. ఇప్పటి ఖాసీలంతా ఆ ఏడు కుటుంబాల సంతతి. ఈ కొండ షిల్లాంగ్ నుంచి గువాహటి వెళ్ళే దారిలో ఉంది. మా కార్యక్రమంలో లేదు.

ఆ తరువాతి కథను మార్గదర్శి డియెంగ్‌యెయ్ కొండ వైపు చెయ్యి చూపిస్తూ చెప్పాడు. దాని మీద మొలిచిన ఒక మహావృక్షం నీడకు లోకమంతా చీకటైపోయింది, పైర్లు పండలేదు. మనుషులు పగలంతా గొడ్డళ్ళతో నరికేవారు. తెల్లవారి వచ్చి చూస్తే గాటు మానిపోయి ఉండేది. ఫ్రెయిట్ అనే చిన్న పిట్ట వచ్చి గుట్టు విప్పింది: రాత్రిపూట పులి వచ్చి ఆ గాటును నాకి మాన్పుతోంది. పదును బయటి వైపు ఉండేలా గొడ్డళ్ళను గాటులో బిగించి ఇళ్ళకు పొమ్మని ఆ పిట్టే ఉపాయం కూడా చెప్పింది. నాలుక తెగిన పులి అరుచుకుంటూ పారిపోయింది, చెట్టు కూలింది. ఆ మేలుకు బదులుగా మనుషుల పొలాల్లో గింజలు తినే హక్కు ఫ్రెయిట్ పిట్టకు దక్కింది. కాబట్టి పంట మీద వాలిన ఆ పిట్ట దొంగ కాదు, ఒప్పందం ప్రకారం తన వాటా తాను తీసుకుంటున్నది. ఖాసీ కథల్లో జంతువు మనిషికి దయ చూపడమో, మనిషి జంతువుకు దయ చూపడమో కన్నా ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడమే ఎక్కువగా కనిపిస్తుంది.

భోజనం సంగతి కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే అందులోనూ ఒక కథ ఉంది. అన్నాన్ని పంది మాంసంతో కలిపి వండే జదో, నల్ల నువ్వులతో చేసిన పంది కూర, తుంగ్‌రింబాయ్ వడ్డించారు. తుంగ్‌రింబాయ్ అంటే పులియబెట్టిన సోయా గింజల ముద్ద. దాని వాసన గదిలోకి ముందుగా వస్తుంది, తరువాత గిన్నె వస్తుంది. విస్తరి ముందు ముక్కు చిట్లించినవారిని చూసి మార్గదర్శి నవ్వి, కుక్క కథ అందుకున్నాడు. జంతువులన్నీ ఒకే భాష మాట్లాడే రోజుల్లో లూరి లూరా అనే సంతకు తలా ఒక సరుకు తెచ్చాయి. కుక్క తెచ్చింది ఈ సోయా ముద్దే. మిగతా జంతువులు వాసన భరించలేక వెక్కిరించి, ఆ కుండను పగలగొట్టి ముద్దను కాళ్ళతో తొక్కాయి. అవమానపడిన కుక్క మనిషి దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకుంది. మనిషి ఆశ్రయమిచ్చాడు. జంతువుల కాళ్ళకు అంటుకున్న ఆ వాసన ఎన్నటికీ పోలేదు గనుక, దాన్ని పట్టుకుని కుక్క వాటి జాడ తీసి వేటగాడికి చూపించసాగింది. కథ అయ్యేసరికి ముక్కు చిట్లించినవారే గిన్నె ఖాళీ చేశారు. మాంసం తిననివారు బుకింగ్ సమయంలోనే చెప్పాలి. అక్కడికక్కడ అడిగినవారికి అన్నం, బంగాళాదుంప కూర మాత్రం దొరికాయి.

మధ్యాహ్నం వాద్యకారుడి ఇంట్లో గడిపిన సమయమే ఈ కార్యక్రమానికి ప్రాణం. ఆయన వయసులో పెద్దవారు, అందరూ 'బా' అని పిలుస్తారు. వక్క, తమలపాకు, సున్నం ఉన్న పళ్ళెం ముందు తిప్పారు. అతిథికి ఇది ఇవ్వకుండా ఏ మాటా మొదలు కాదు. తరువాత గోడకు తగిలించిన దుయితారాను దించారు. చెక్కను తొలిచి చేసిన బుర్ర, దాని మీద బిగించిన తోలు, నాలుగు తంతులు, మీటడానికి చిన్న కొయ్యముక్క. పాతరోజుల్లో తంతులు ముగా పట్టుతో పేనేవారు, ఇప్పుడు నైలాన్ వాడుతున్నారు. దుయితారా తయారీలోనూ వాదనలోనూ పేరుపొందిన రిసింగ్‌బోర్ కుర్కలాంగ్‌కు 2023లో పద్మశ్రీ వచ్చిన తరువాత ఈ వాద్యం గురించి బయటివారు అడగడం పెరిగిందని బా చెప్పారు.

ఆయన పాడినది లపలాంగ్ కథ. మైదాన ప్రాంతంలో తల్లితో ఉండే ఒక జింకపిల్ల, కొండ మీద దొరికే లేత ఆకుల మీద మనసుపడి, తల్లి వద్దంటున్నా వినకుండా ఖాసీ కొండలెక్కి వస్తుంది. వేటగాళ్ళ బాణానికి కూలిపోతుంది. వాళ్ళు సంబరం చేసుకుంటూ ఉంటే, బిడ్డను వెతుక్కుంటూ ఆ కేకల వెంబడి తల్లి జింక వచ్చి, బాణం దిగిన శరీరం మీద పడి ఏడుస్తుంది. అంత దుఃఖం అంతవరకు ఎన్నడూ వినని మనుషులు విల్లంబులు కింద పడేసి తామూ ఏడ్చారట. చనిపోయినవారి కోసం శోకాలు పెట్టి ఏడవడం ఖాసీలు ఆ తల్లి జింక దగ్గరే నేర్చుకున్నారని ఈ కథ చెబుతుంది.

బా దీన్ని పాటగా మొదలుపెట్టలేదు. మామూలు మాటల్లో చెబుతూ, ఎడమచేతి వేళ్ళతో ఒకే చిన్న స్వరవరుసను మళ్ళీ మళ్ళీ పలికిస్తూ పోయారు. జింకపిల్ల కొండ ఎక్కుతున్నకొద్దీ మాట పొడుగై రాగంలోకి జారింది; ఎక్కడ మాట ఆగి పాట మొదలైందో చెప్పడం కష్టం. బాణం తగిలే చోట అరచేతితో తంతుల మీద గట్టిగా అదిమారు. ఆ తరువాత వాద్యం లేదు. తల్లి ఏడుపు మొత్తం ఒట్టి గొంతుతోనే సాగింది, పై స్థాయిలో మొదలై మెట్టుమెట్టుగా కిందికి దిగి, ఊపిరి అందక తెగి, మళ్ళీ పైనుంచి మొదలయ్యేది. ఖాసీ భాష ఒక్క ముక్క రాని మాకు కూడా ఏ మాట దగ్గర ఏం జరిగిందో తెలిసింది, ఎందుకంటే కథ ముందే విన్నాం. సంస్థవారు అనువాదాన్ని పాట మధ్యలో దూర్చకుండా ముందే చెప్పించడం ఎంత మంచి పనో అప్పుడు అర్థమైంది.

మిగతా వాద్యాలనూ చూపించారు. మగ, ఆడ అని జతగా చెప్పే క్సింగ్ డోళ్ళు. నృత్యానికి తప్పనిసరైన తంగ్‌మురి, అంటే సన్నాయి జాతికి చెందిన ఊదువాద్యం. వేళ్ళ సందున పెట్టి నోటి దగ్గర మీటే వెదురు మియెంగ్. క్సింగ్ మీద చెయ్యి వేయనిచ్చారు, తంగ్‌మురి ఊదనిచ్చారు. ఊపిరి తెంచకుండా ఊదడం ఎంత కష్టమో అందరికీ అర నిమిషంలో తెలిసివచ్చింది. షరాతి విషయంలో మాత్రం ఆయన ఒప్పుకోలేదు. అది దహన సంస్కారం వేళా, వంశంలోని వారి అస్థికలను సేకరించి సమాధిలో చేర్చే వేళా ఊదే వేణువు. చేతికిచ్చి రంధ్రాలు చూపించారు గాని, ఊదమని అడిగినప్పుడు తల అడ్డంగా ఊపి బెస్లి అనే మామూలు వేణువు అందుకున్నారు. అయినవాళ్ళందరినీ పోగొట్టుకుని రాత్రిళ్ళు షరాతి ఊదుకునే మానిక్ రైతాంగ్, ఆ నాదానికి మనసిచ్చిన రాణి, చివరికి ఇద్దరూ ఒకే చితిలో కాలిపోవడం, ఈ ప్రసిద్ధ కథను కూడా ఆయన నాలుగు వాక్యాల్లో ముగించారు. సందర్శకులు డబ్బు కట్టారు కదా అని షరాతి ఊదించని సంస్థను మెచ్చుకోవాలి.

గుడ్డు శకునం గురించి కూడా ఇలాంటి సందర్భమే వచ్చింది. పలక మీద గుడ్డును కొట్టి పెంకులు పడిన తీరును బట్టి కారణం తెలుసుకునే పద్ధతి ఖాసీ సంప్రదాయ మతంలో ఉంది. ఒకరు చేసి చూపించమన్నారు. ప్రశ్న లేకుండా జవాబు ఎలా వెతుకుతామని బా నవ్వేశారు. దానికి బదులుగా కోడిపుంజు కథ చెప్పారు: జంతువులన్నీ చేరిన నాట్యానికి అక్క సూర్యుడు, తమ్ముడు చంద్రుడు ఆలస్యంగా వచ్చి కలిసి ఆడితే అందరూ ఎగతాళి చేశారట. ఖాసీలకు సూర్యుడు స్త్రీ. ఆమె అవమానం భరించలేక గుహలో దాక్కుంది, లోకం చీకటైంది. ఎవరు పిలిచినా రాలేదు. చివరికి కోడిపుంజు వెళ్ళి ఒప్పించింది. అది మూడుసార్లు కూసిన తరువాత వెలుగు వచ్చింది. అందుకే మనిషికీ దేవుడికీ మధ్య మాట మోసేది, మనిషి తప్పును తన మెడ మీద వేసుకునేది కోడిపుంజే. మరణించినవారికి దారి గీకి చూపించడానికి కూడా పుంజునే బలి ఇస్తారు. ఈ వివరణ విన్న తరువాత వాకిట్లో తిరుగుతున్న కోళ్ళను మావాళ్ళు ఫోటోలు తీసుకోవడం కొంచెం నవ్వు తెప్పించింది.

రాత్రి ప్రదర్శనలో ఇదంతా కరిగిపోయింది. రిసార్టు వేదిక చిన్నది. గుండ్రంగా సాగవలసిన నృత్యాన్ని ప్రేక్షకులకు ఎదురుగా రెండు వరుసల్లో నిలబెట్టి చేయించారు. అసలు పద్ధతిలో పెళ్ళికాని అమ్మాయిలు లోపలి వలయంలో చూపు కిందికి దించి, పాదాలు నేల విడవకుండా అంగుళం అంగుళంగా కదులుతారు. మగవాళ్ళు బయటి వలయంలో కత్తి, చామరం పట్టి చుట్టూ తిరుగుతారు. లోపల ఉన్నదాన్ని బయటివారు కాపాడుతున్నారన్న అర్థం ఆ అమరికలోనే ఉంది. దాన్ని వరుసలుగా మారిస్తే మిగిలేది పట్టుబట్టలూ కిరీటాలూ మాత్రమే. తంగ్‌మురికి తోడు కీబోర్డు పెట్టి, స్పీకర్ల శబ్దం అంత పెంచితే క్సింగ్ దెబ్బ ఎక్కడ పడుతోందో వినపడలేదు.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. సర్దుకుపోలేనిది వ్యాఖ్యాత మాట. లపలాంగ్ పాటలో ఒక్క చరణాన్ని హుషారు తాళంలో వాయించి, దాన్ని వేటగాళ్ళ విజయగీతమని పరిచయం చేశాడు. పగలు బా ఇంట్లో అదే కథ విన్నవారంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. విల్లు కింద పడేసిన మనుషుల కథను విల్లెత్తిన మనుషుల కథగా చెప్పడం చిన్న పొరపాటు కాదు, దాని అర్థాన్నే తిరగేయడం.

అదే వ్యాఖ్యాత భోజనాల దగ్గర థ్లెన్ కథను దయ్యం కథలా నవ్విస్తూ చెప్పాడు. సోహ్రా (చిరపుంజి) ప్రాంతంలో మనుషులను మింగే మహాసర్పాన్ని చంపి, దాని మాంసాన్నంతా జనం పంచుకుని తిన్నారట. ఒక ముసలమ్మ తన కొడుకు కోసం దాచి మరిచిపోయిన ముక్కలోనుంచి అది మళ్ళీ పుట్టిందని కథ. ఆ సర్పాన్ని ఇంట్లో పెంచుకుని, నరరక్తం పోసి సంపద పొందేవారున్నారన్న అనుమానం ఇప్పటికీ ఆ కొండల్లో ఉంది. ఆ అనుమానంతో జనం మనుషులను కొట్టి చంపిన సంఘటనలు మన కాలంలోనే జరిగాయి. రిబోయ్ ప్రాంతంలో కొందరు నిద్రలో పులిగా తిరుగుతారన్న నమ్మకం, ఖ్లా ఫులి అంటారు, దాన్ని పగలు మార్గదర్శి ఎంతో మర్యాదగా, ఫలానావారు అని ఎవరినీ వేలెత్తి చూపకుండా చెప్పాడు. థ్లెన్ విషయంలో ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

ఈ నమ్మకాలను చెప్పేవారు స్వయంగా వాటిని ఎంతవరకు నమ్ముతారన్న ప్రశ్న మా బృందంలో వచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం మేఘాలయలో నాలుగింట మూడు వంతుల మంది క్రైస్తవులు. మా మార్గదర్శి కూడా ఆదివారం చర్చికి వెళ్ళేవాడే. అయినా వనంలో ఆకు తెంపడు. సంప్రదాయ మతాన్ని నిలబెట్టుకోవడానికి 1899 నవంబరు 23న ఏర్పడిన సెంగ్ ఖాసీ సంస్థ గురించి, ఏటా ఏప్రిల్‌లో షిల్లాంగ్ వైకింగ్ మైదానంలో ఆ సంస్థ జరిపే షాద్ సుక్ మిన్సియెమ్ నృత్యం గురించి అతను గౌరవంగానే మాట్లాడాడు. వాహనంలో ఈ విషయాలు ఎవరైనా అడిగితేనే చెప్పాడు. ఉదయమే అందరికీ కలిపి చెప్పి ఉంటే బాగుండేది.

అదనపు రుసుముతో కాంగ్‌థాంగ్ గ్రామాన్ని కూడా ఇదే రోజులో కలుపుతామని సంస్థవారు అడుగుతారు. ఒప్పుకోవద్దు. ప్రతి బిడ్డకూ తల్లి ఒక రాగం కట్టి, పేరుకు బదులు ఆ రాగంతోనే పిలిచే గ్రామం అది. ఈ రాగాలను జింగ్‌ర్వాయ్ యావ్‌బెయ్ అంటారు, మాటలుండవు. ఇంటి దగ్గర పిలవడానికి పొట్టి రూపం, అడవిలో, లోయ అవతలి వైపు ఉన్నవారిని పిలవడానికి పొడుగు రూపం ఉంటాయి. అడవిలో పేరు పెట్టి పిలిస్తే దుష్టశక్తులు ఆ పేరు విని కీడు చేస్తాయనీ, పిట్టకూత లాంటి ఈ రాగమైతే వాటికి అందదనీ నమ్మకం. మనిషి పోతే ఆ రాగమూ పోతుంది, మరొకరికి పెట్టరు. ఇంతటి విషయాన్ని కారు దిగి, ఇద్దరు పిల్లలచేత రెండు రాగాలు పాడించుకుని, మళ్ళీ కారెక్కడంగా మార్చడం ఆ ఊరికీ మనకూ మంచిది కాదు. అక్కడే రాత్రి బస చేసి, పొద్దున్నే పొలాలకు వెళ్ళేవారి పిలుపులు వినడం సరైన పద్ధతి. వాద్యం నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్నవారికి వాఖెన్ గ్రామంలోని సీంగ్ రితి సంస్థ ఉంది. అది కూడా విడిగా వెళ్ళవలసిన చోటే.

బుక్ చేసేటప్పుడు రాత్రి ప్రదర్శన వద్దని చెబితే 3,500లో ఏమైనా తగ్గిస్తారా అని నేను తరువాత అడిగాను, తగ్గించరట. అయినా అది మానేసి బా ఇంట్లో ఇంకో గంట కూర్చోనివ్వమని అడగడం మేలు. ముందుగా చెబితే ఏర్పాటు చేస్తామన్నారు. వాద్యకారుడికి రుసుములో ఎంత వాటా వెళుతుందో అడిగితే సూటిగా జవాబు రాలేదు, కనుక ఆయనకు ఇవ్వదలుచుకున్నది ఆయన చేతికే ఇవ్వండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వాన ఎడతెరిపి లేకుండా పడుతుంది. వనంలో జలగలు ఉంటాయి, తేమకు తోలు సాగి క్సింగ్ నాదం మందగిస్తుంది, పొయ్యి దగ్గర కాచి బిగించుకుంటూ వాయించవలసి వస్తుంది. అక్టోబరు దాటాక వెళితే దారీ బాగుంటుంది, డోలూ బాగా పలుకుతుంది.